పాత గోడ పక్కన కొత్త గోడ: చారిత్రక స్థలానికి కొనసాగింపుగా సామాజిక భవనాన్ని రూపొందించే పద్ధతి

చారిత్రక కట్టడానికి కొనసాగింపుగా, పదిమందికీ పనికివచ్చే భవనం ఒకటి కట్టాలని నిర్ణయించుకున్న సంఘాలు చాలావరకు దాని రూపం గురించిన చర్చతోనే పని మొదలుపెడతాయి. కొత్త భవనం పాతదాన్ని పోలి ఉండాలా, అద్దాలతో, ఉక్కుతో పూర్తిగా వేరుగా కనిపించాలా అన్న వాదనలోనే నెలలు గడిచిపోతాయి. నిజానికి ముందుగా గీయవలసిన బొమ్మ అది కాదు. కొత్త గోడ పాత గోడను కలిసే చోటును, ఆ రెండింటి నడుమ మిగిలే సన్నని సందును ముందుగా గీయాలి. రెండు పునాదులు ఎంత దగ్గరగా రావచ్చు, రెండు కప్పుల మధ్య పడిన వాన నీరు ఎటు పోతుంది, పాత గోడలోని చెమ్మ ఎలా ఆరుతుంది, చక్రాల కుర్చీలో ఉన్న మనిషి పాత నేల మట్టం నుంచి కొత్త నేల మట్టానికి ఎలా వస్తాడు అన్న ప్రశ్నలన్నీ ఆ సందు దగ్గరే ఎదురవుతాయి. వాటికి జవాబులు దొరికితే భవనం రూపంలో సగం దానంతట అదే తేలుతుంది.

మొదటి ఏడాది: చూడడం, కొలవడం

ఆస్ట్రేలియాలోని బర్రా పట్టణంలో 1979లో ఆమోదించి, 2013లో సవరించిన బర్రా చార్టర్ అనే మార్గదర్శక పత్రం పరిరక్షణ పనికి ఒక వరుసను ఏర్పరచింది. ముందు స్థలం ప్రాముఖ్యాన్ని అర్థం చేసుకోవాలి, తరువాత విధానం నిర్ణయించుకోవాలి, ఆ పైనే మార్పుల జోలికి వెళ్లాలి. మార్పు ఎంత అవసరమో అంత చేయాలి, ఎంత తక్కువతో సరిపెట్టగలిగితే అంత తక్కువతో సరిపెట్టాలి. ఈ వరుసను పాటించడానికి సులువైన మార్గం, ప్లాను గీయక ముందే రెండు పేజీల ప్రాముఖ్య పత్రం రాసుకోవడం. ఈ స్థలంలో ఏది విలువైనది, ఎందుకు విలువైనది, ఏది ఆ తరువాతి కాలంలో అంతగా ఆలోచించకుండా చేర్చినది, ఏది తీసివేసినా నష్టం లేదు అన్న సంగతులు అందులో స్పష్టంగా ఉండాలి. చూపుకు ఆనని గోడ మీద మూడు కాలాల మరమ్మతులు వరుసగా కనిపిస్తుంటే, ఆ వరుసే దాని విలువ అని రాయడానికి సంకోచించకూడదు.

ఆ తరువాత కొలతలు. లేజర్ స్కానింగ్‌తో కట్టడం మొత్తాన్ని మిల్లీమీటర్ల తేడాతో నమోదు చేయవచ్చు. ఆ వసతి లేనిచోట ఒకదానిపై ఒకటి కొంత అతివ్యాప్తి చెందేలా తీసిన వందల ఫోటోల నుంచి కంప్యూటర్ సాయంతో నమూనా తయారు చేసుకోవచ్చు. అయితే ఏ యంత్రమూ ఒక్క రోజులో చెప్పలేని విషయాలు రెండున్నాయి. అవి పగుళ్లు, చెమ్మ.

పగులు ఎంత వెడల్పుగా ఉన్నదన్న దానికంటే, అది కదులుతున్నదా లేదా అన్నది ముఖ్యం. పగులుకు అడ్డంగా, ఒకదాని మీద ఒకటి జరిగే రెండు పారదర్శకమైన పట్టీల కొలబద్దను అంటించి, నెలకొకసారి ఒకే వేళకు దాన్ని చదివి తేదీతో సహా రాసుకోవాలి. ఎండాకాలంలో ఒక మిల్లీమీటరు విచ్చుకొని వానలు పడ్డాక మళ్లీ మూసుకొనే పగులు, పునాది కింద బంకమట్టి ఎండి కుంచించుకుపోయి, తడిసి ఉబ్బుతున్నదని చెబుతుంది. కాలంతో పని లేకుండా ఒకే దిక్కుకు పెరుగుతూ పోయే పగులు పునాది దిగబడుతున్నదనో, కప్పు గోడను బయటికి నెడుతున్నదనో చెబుతుంది. ఈ రెంటికీ చేయవలసిన చికిత్స వేరు, వాటి పక్కన వేయదగిన పునాది కూడా వేరు. అన్ని రుతువులూ ఒకసారి గడిస్తే తప్ప ఆ తేడా తెలియదు కాబట్టి, ఈ ఒక్క పనికి ఏడాది ఆగడం దండగ కాదు.

చెమ్మ విషయంలో గోడ మీద మరక ఎంత ఎత్తుకు పాకింది, ఎక్కడ ఉప్పు తెల్లగా పొంగుతున్నది, ఎక్కడ గతంలో ఎవరైనా సిమెంటు పూత పూశారు అన్నవి గుర్తించి గోడ బొమ్మ మీద గీయాలి. పాత గోడ అడుగున సిమెంటు పూసిన ప్రతిచోటా చెమ్మ ఆ పూత పై అంచు దాకా ఎక్కి, అక్కడ బయటపడడం చాలా కట్టడాల్లో కనిపించే దృశ్యం. పునాది లోతు తెలుసుకోవడానికి తీసే పరీక్ష గుంతలను పురావస్తు నిపుణుల సమక్షంలోనే తవ్వించాలి. అనేక పాత గోడలు అనుకున్నంత లోతు నుంచి లేవవు.

కట్టడాన్ని కొలిచినంత శ్రద్ధగా అక్కడి మనుషుల అలవాట్లను కూడా గమనించాలి. బ్రెజిల్‌లోని సావో పాలోలో పాత పీపాల కర్మాగారాన్ని సామాజిక కేంద్రంగా మార్చే పని 1977లో లీనా బో బార్డీ అనే వాస్తుశిల్పి చేతికి వచ్చింది. వారాంతంలో ఆమె అక్కడికి వెళ్లి చూసేసరికి, ఖాళీగా ఉన్న ఆ షెడ్లలో పిల్లలు బంతి ఆడుకుంటున్నారు, కుటుంబాలు చేరి కాలక్షేపం చేస్తున్నాయి. స్థలం అప్పటికే కేంద్రంగా మారిపోయిందని గ్రహించి, ఆ షెడ్లను అలాగే ఉంచి, గ్రంథాలయం, నాటకశాల, చేతిపనుల గదులు వాటి లోపలే అమర్చింది. ఆటల కోసం మాత్రం పక్కన కొత్త కాంక్రీటు గోపురాలు లేపింది. ఆ గోపురాల నడుమ నేల కింద మూసివేసిన వాగు ఒకటి పోతున్నందున అక్కడ కట్టడానికి వీలులేదు. అందుకే వాటిని గాలిలో వంతెనలతో కలిపింది. సెస్క్ పాంపేయా పేరుతో ఈనాటికీ జనంతో నిండి ఉండే ఆ భవనాన్ని గుర్తుపట్టేలా చేసేవి ఆ వంతెనలే. అడ్డంకిగా కనిపించిన సందే అక్కడ రూపాన్ని ఇచ్చింది.

చట్టం సంగతి కూడా ఈ దశలోనే తేల్చుకోవాలి. దేశాన్ని బట్టి, కట్టడానికి ఉన్న రక్షణ స్థాయిని బట్టి నిబంధనలు చాలా మారతాయి. ఉదాహరణకు భారతదేశంలో 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, కేంద్ర రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ కనీసం 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం, దానికి వెలుపల మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అలాంటి చోట గోడకు ఆనించి కట్టే ఆలోచననే వదిలి, దూరంగా ఉండి స్థలాన్ని విస్తరించే మార్గాలు వెతకాలి.

గదుల జాబితా కాదు, వేళల పట్టిక

అనేక పనులకు పనికివచ్చే భవనం కావాలనగానే సభాభవనం, గ్రంథాలయం, శిక్షణ గది, వ్యాయామశాల, ప్రదర్శనశాల అంటూ గదుల జాబితా పెరిగిపోతుంది. గదుల సంఖ్యతో పాటు ఖర్చూ, నిర్మాణం వల్ల గాలిలోకి చేరే కార్బనూ పెరుగుతాయి. చాలా గదులు రోజులో ఎక్కువ భాగం తాళం వేసే ఉంటాయి. దానికి బదులు వారంలోని ఏడు రోజులను అడ్డంగా, ఉదయం నుంచి రాత్రి వరకు గంటలను నిలువుగా గీసి, ఎవరు ఏ వేళ ఏ పనికి వస్తారో నింపాలి. ఉదయం వృద్ధుల వ్యాయామం, మధ్యాహ్నం పిల్లల చదువు, సాయంత్రం సంగీత సాధన ఒకే హాలులో జరగవచ్చునని అప్పుడు తెలుస్తుంది. ఒకే వేళకు రెండు గట్టి చప్పుళ్లు ఢీకొనే చోట్లు కూడా అప్పుడే బయటపడతాయి.

పట్టిక సిద్ధమయ్యాక ఏ పని పాత కట్టడంలోకి, ఏ పని కొత్తదానిలోకి అన్న పంపకం చేయాలి. బరువు, నీరు, ఆవిరి, మోత ఉన్న పనులన్నీ కొత్త భవనం మోయాలని నా గట్టి అభిప్రాయం. మరుగుదొడ్లు, వంటగది, లిఫ్టు, యంత్రాల గది, పెద్ద సభాభవనం కొత్త భాగంలో ఉంటే, పాత గోడలకు గొట్టాల కోసం రంధ్రాలు పెట్టే అవసరం రాదు. చదువుకోవడం, ప్రదర్శన, చిన్న సమావేశాలు వంటి తేలికపాటి పనులు పాత గదులకు నప్పుతాయి. కొత్త భాగం ఉండడానికి అసలు కారణం కూడా ఇదే. అది పాతదాని భారాన్ని తన మీద వేసుకొని, దానికి ఊపిరి తీసుకొనే వీలు కల్పించాలి.

సభాభవనం పరిమాణం నిర్ణయించేటప్పుడు వరుసలుగా వేసిన కుర్చీలకు, మధ్య దారులతో కలిపి, మనిషికి సుమారు ఒక చదరపు మీటరు చొప్పున లెక్క వేసుకోవచ్చు. బల్లలు కూడా వేస్తే ఒకటిన్నర చదరపు మీటర్లు అవసరమవుతాయి. ఆ కుర్చీలూ బల్లలూ పని లేనప్పుడు ఎక్కడికి పోతాయన్నది చాలా ప్లాన్లలో మరచిపోయే విషయం. హాలు వైశాల్యంలో పదో వంతుకు తగ్గని సామాన్ల గది, హాలు నేల మట్టానికే, వెడల్పాటి తలుపుతో ఉండాలి. అది లేని బహుళ ప్రయోజన హాలు ఆరు నెలల్లో ఒకే ప్రయోజనానికి స్థిరపడిపోతుంది, ఎందుకంటే రోజుకు మూడుసార్లు వంద కుర్చీలను మెట్లు ఎక్కించి దించే ఓపిక ఎవరికీ ఉండదు. ధ్వని విషయంలోనూ ఇలాంటి ఆలోచన కావాలి. మాట స్పష్టంగా వినపడాలంటే గదిలో ప్రతిధ్వని ఒక సెకను లోపే అణగాలి. వాద్య సంగీతానికి ఒకటిన్నర సెకన్ల దాకా ఉంటే బాగుంటుంది. గోడల వెంట లాగి మూయగలిగే మందపాటి తెరలు ఈ రెండు అవసరాలనూ తక్కువ ఖర్చుతో తీరుస్తాయి.

సందు

ఇక అసలు చోటుకు వద్దాం. పాత గోడ ఎన్నో దశాబ్దాల క్రితమే, బహుశా శతాబ్దాల క్రితమే, తన కింది నేలను అదిమి స్థిరపడింది. కొత్త భవనం మాత్రం కట్టిన తరువాత మొదటి కొన్నేళ్లలో కొంత దిగుతుంది. రెంటినీ గట్టిగా కలిపి కడితే ఆ దిగుడు పాత గోడను కూడా తనతో లాగుతుంది, పగులు మాత్రం బలహీనమైన పాత గోడలోనే వస్తుంది. కాబట్టి కొత్త నిర్మాణం తన కాళ్ల మీద తాను నిలబడాలి. పాత పునాది అడుగు అంచు నుంచి కిందికి 45 డిగ్రీల వాలులో ఒక గీత గీస్తే, ఆ గీతకు కింద, పాత పునాది వైపున ఉన్న మట్టిని కదపకూడదన్నది ఇంజనీర్లు పాటించే ఒక మోటు లెక్క. అందుకే కొత్త స్తంభాలను గోడకు ఒకటిన్నర, రెండు మీటర్ల దూరంలో నిలిపి, అక్కడి నుంచి నేల పలకను చేయి చాచినట్టుగా పాత గోడ వైపు సాగనిచ్చి, గోడకు 50 నుంచి 100 మిల్లీమీటర్ల ముందే ఆపడం మంచిది.

ఆ ఆపిన చోటును దగ్గరగా చూద్దాం. నేల మట్టం దగ్గర సందు అడుగున గులకరాళ్లు నింపి ఉంటాయి. వాటి మీద, వేళ్లతో ఎత్తి తీయగలిగే సన్నని లోహపు జాలీ ఉంటుంది. గోడ అడుగున చేరిన చెమ్మ ఆ రాళ్ల నడుమ నుంచి గాలిలోకి ఆరిపోతుంది. జాలీ ఎత్తి చెత్త ఊడ్చవచ్చు. పైన కప్పు దగ్గర, పాత గోడలో రెండు రాళ్ల మధ్య ఉన్న సున్నపు అతుకును మాత్రం ఒక అంగుళం లోతు గీకి, అందులోకి మెత్తని సీసపు రేకు అంచును దోపి, మళ్లీ సున్నంతో మూస్తారు. రాయిని కోయరు. ఆ రేకు కిందికి వంగి, కొత్త కప్పు అంచు నుంచి పైకి లేచిన మరో రేకు మీద గొడుగులా వాలుతుంది. రెండు రేకులూ ఒకదానికొకటి అతికించి ఉండవు. కొత్త కప్పు ఐదు మిల్లీమీటర్లు దిగినా, ఎండకు వ్యాకోచించినా అవి ఒకదాని మీద ఒకటి జారుతాయే తప్ప చిరగవు. ఒక రోజున కొత్త భవనాన్ని తీసివేయవలసి వస్తే, గోడలో మిగిలేది సున్నంతో పూడ్చగల ఒక సన్నని గీత మాత్రమే.

రెండు కప్పుల నడుమ నీటి కాలువ తప్పనిసరి అయితే, అది మనిషి అడుగు పెట్టి నిలబడి ఊడ్చగలిగేంత వెడల్పుగా, కనీసం 300 మిల్లీమీటర్లు, ఉండాలి. ఒక తూము ఆకులతో మూసుకుపోయినా నీరు పాత గోడ మీదికి పొంగకుండా, బయటికి కనపడేలా పడే అదనపు తూము ఉండాలి. నీరు బయట ధారగా పడుతుంటే అందరూ గమనిస్తారు. గోడ లోపలికి పోతుంటే కొన్నేళ్ల దాకా ఎవరూ గమనించరు. నా కళ్లారా చూసిన ఒక విస్తరణలో ఈ కాలువ అరచేయి వెడల్పున ఉండేది. మూడో వానాకాలం నాటికి దాని వెంట ఉన్న పాత గార మొత్తం పొరలు పొరలుగా ఊడిపోయింది. దాన్ని గీసిన వారికి పాత గోడంటే ప్రేమ లేక కాదు, ఆ కాలువలోకి చీపురుతో వెళ్లవలసిన మనిషిని ఊహించుకోకపోవడం వల్లనే అలా జరిగింది.

రెండు భాగాలను కలిపే దారి కోసం కొత్తగా గోడ పగలగొట్టకుండా, ఇప్పటికే ఉన్న తలుపునో, కిటికీనో, గతంలో ఎవరో మూసివేసిన ద్వారాన్నో వాడుకోవాలి. ఇటలీలోని వెరోనా నగరంలో కాస్తెల్‌వెక్కియో కోటను మ్యూజియంగా తీర్చిదిద్దిన వాస్తుశిల్పి కార్లో స్కార్పా, కొత్త నేలను పాత గోడలకు తాకనీయకుండా కొద్ది దూరంలో ఆపాడు. ఆ ఖాళీ గీతను చూసిన ఎవరికైనా గోడ ఎక్కడ ముగిసిందో, తరువాతి కాలం ఎక్కడ మొదలైందో వివరించకుండానే తెలుస్తుంది. దీనికి పూర్తిగా భిన్నమైన దారి కూడా ఉంది. జర్మనీలోని కొలోన్‌లో యుద్ధకాలపు బాంబు దాడుల్లో శిథిలమైన చర్చి మీద వాస్తుశిల్పి పీటర్ జుమ్‌థోర్ రూపొందించగా 2007లో ప్రారంభమైన కొలుంబా మ్యూజియంలో, కొత్త బూడిద రంగు ఇటుక నేరుగా పాత గోడల శిథిలాల మీదే కూర్చుంది. అందుకోసం ఇటుకలను ప్రత్యేకంగా చేయించారు. పురావస్తు తవ్వకాల భాగంలో వెలుతురు, గాలి రావడానికి గోడలోనే రంధ్రాలు వదిలారు. సన్నని స్తంభాలను శిథిలాల నడుమ ఖాళీలు చూసి దించారు. అంతటి పరిశోధన, అంతటి నైపుణ్యం, అంతటి సమయం అందుబాటులో ఉన్నప్పుడు మాత్రమే ఆ దారి పట్టాలి. మామూలు సామాజిక భవనానికి సందు వదలడమే క్షేమం.

రూపం గురించి

చారిత్రక కట్టడాల పరిరక్షణపై 1964 నాటి అంతర్జాతీయ పత్రమైన వెనిస్ చార్టర్ ఈ విషయంలో ఇప్పటికీ మంచి కొలబద్ద. తప్పనిసరి అయిన కొత్త పని పాతదాని నుంచి విడిగా గుర్తించగలిగేలా ఉండి, తన కాలపు ముద్రను ధరించాలని, చేర్పులు కట్టడంలోని ముఖ్య భాగాలకు, దాని కూర్పులోని సమతూకానికి, పరిసరాలతో దానికున్న సంబంధానికి భంగం కలిగించరాదని అది చెప్పింది. కట్టడాన్ని సమాజానికి ఉపయోగపడే పనికి వాడడం పరిరక్షణకు మేలు చేస్తుందని కూడా ఆ పత్రమే అంగీకరించింది. ఆచరణలో ఇది నకలు చేయవద్దు, కేక వేయవద్దు అన్న రెండు హద్దుల మధ్య దారి. పాత కట్టడంలోని కిటికీల నిష్పత్తి, అంతస్తుల గీత, కప్పు వాలు, గోడ మందం వంటి లక్షణాల్లో ఒకటి రెండింటిని తీసుకొని కొత్త భాష పలికించాలి. కొత్త కప్పు పాత చూరు కంటే కిందనే ఆగితే చాలా సమస్యలు పుట్టకుండానే పోతాయి.

కాగితం మీద ఎత్తు ఎవరికీ సరిగ్గా అర్థం కాదు. స్విట్జర్లాండ్‌లో కొత్త భవనానికి అనుమతి కోరేటప్పుడు దాని మూలలనూ ఎత్తునూ చూపే కర్రలు స్థలంలో పాతి, అందరికీ కనిపించేలా ఉంచుతారు. చట్టం అడగకపోయినా ఎక్కడైనా ఈ పని చేయవచ్చు. పొడవాటి కర్రలు, వాటి కొసలను కలుపుతూ రంగు తాడు, రెండు వారాల సమయం చాలు. జనం రోజూ నడిచే దారి నుంచి పాత గోపురం కనబడకుండా పోతున్నదో లేదో ఆ తాడే చెబుతుంది.

కార్బను, ఎండ, గాలి, నీరు

నిలిచి ఉన్న గోడకు కొత్తగా కార్బను ఖర్చు లేదు. అందువల్ల సుస్థిరతకు మొదటి మెట్టు పాత కట్టడాన్ని పూర్తిగా వాడుకోవడం, దానితో తీరని అవసరాలకు మాత్రమే కొత్తగా కట్టడం. ప్రపంచంలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 8 శాతం సిమెంటు తయారీ నుంచే వస్తున్నది. అందులో సగానికి పైగా ఇంధనం వల్ల కాక, సున్నపురాయి వేడికి విడిపోయే రసాయన చర్య వల్లనే వెలువడుతుంది. పునాదుల వంటి చోట్ల కాంక్రీటు వాడి, పైభాగాన్ని కలపతో, కొద్దిగా సున్నమో సిమెంటో కలిపి గట్టిపరచిన మట్టి ఇటుకలతో, తిరిగి వాడే రాతితో లేపితే ఈ భారం గణనీయంగా తగ్గుతుంది. ఉక్కు, కలప భాగాలను బోల్టులతో బిగిస్తే రేపు విప్పి మరోచోట వాడుకోవచ్చు.

పాత గోడల మరమ్మతుకు సిమెంటు వాడకూడదన్న నియమానికి మినహాయింపులు వెతకవద్దు. పాత ఇటుక, రాయి తేమను పీల్చుకొని అతుకుల గుండా వదిలే స్వభావం కలవి. అతుకులోని సున్నం ఇటుక కంటే మెత్తగా ఉంటుంది కాబట్టి కదలికనూ ఉప్పునూ తానే భరించి, అరిగిపోతుంది. అరిగిన సున్నాన్ని మళ్లీ పెట్టవచ్చు. సిమెంటు పెడితే అతుకు ఇటుక కంటే గట్టిదవుతుంది, తేమ ఇటుక గుండానే బయటికి రావలసి వస్తుంది, ఉప్పు ఇటుక లోపలే గడ్డకట్టి దాని ముఖాన్ని పెచ్చులుగా ఊడదీస్తుంది. అతుకు పోతే అతుకే పోతుంది, ఇటుక పోతే గోడ పోతుంది. ఇదే కారణంగా పాత గోడ లోపలి వైపు ఆవిరిని ఆపే ప్లాస్టిక్ పొరలతో ఉష్ణ నిరోధకం అమర్చడం కూడా ప్రమాదకరం.

మందపాటి పాత గోడలు పగటి వేడిని నెమ్మదిగా పీల్చుకొని రాత్రి వదులుతాయి. పగటికీ రాత్రికీ ఉష్ణోగ్రతలో బాగా తేడా ఉండే చోట, రాత్రంతా ఎత్తైన కిటికీలు తెరిచి గోడలను చల్లబరిస్తే మరుసటి మధ్యాహ్నం వరకు యంత్రాలతో పని ఉండదు. గాలిలో తేమ ఎక్కువగా ఉండి రాత్రి కూడా చల్లబడని చోట ఈ కిటుకు పని చేయదు. అక్కడ ఎదురెదురు కిటికీలు, లోతైన చూర్లు, నెమ్మదిగా తిరిగే పెద్ద ఫ్యాన్లు మేలు. చలి ప్రాంతాల్లో గాలి చొరబడే సందులను మూయడం, కప్పుకు ఉష్ణ నిరోధకం వేయడం ముందుగా చేయాలి. వెలుతురు విషయంలో, కిటికీ పై అంచు ఎత్తుకు సుమారు రెండింతల లోతు వరకే పగటి వెలుగు చక్కగా అందుతుంది. పై అంచు నేల నుంచి మూడు మీటర్ల ఎత్తులో ఉన్న కిటికీ ఆరు మీటర్ల లోతున్న గదికి సరిపోతుంది. అంతకంటే లోతైన హాలుకు పైనుంచి వెలుతురు తేవాలి.

సౌర పలకలను కొత్త కప్పు మీదే అమర్చాలి. ఒక కిలోవాటుకు 5 నుంచి 7 చదరపు మీటర్లు పడుతుంది కాబట్టి, కప్పు వాలు నిర్ణయించే రోజునే ఆ లెక్క చూసుకోవాలి. వాన నీటి లెక్క ఇంకా సులువు. ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. 200 చదరపు మీటర్ల కప్పు మీద 50 మిల్లీమీటర్లు కురిస్తే 10,000 లీటర్లు. ఆవిరైనది, మొదట వదిలేసే మురికి నీరు పోగా ఐదింట నాలుగు వంతులు నిల్వకు వస్తాయి. తొట్టెను మాత్రం పాత పునాదికి దూరంగా తవ్వాలి. ఇంకుడు గుంతకూ అదే జాగ్రత్త వర్తిస్తుంది, ఎందుకంటే పాత గోడ పక్కన నేలను తడిపితే మొదటి ఏడాది కొలిచిన పగుళ్లు మళ్లీ కదులుతాయి.

అందరికీ దారి

ర్యాంపు వాలు 1:12కు మించకూడదన్నది అనేక దేశాల నిబంధన. పాత నేల 600 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే 7.2 మీటర్ల ర్యాంపు, మొదట్లోనూ చివర్లోనూ చదునైన చోటు కావాలి. దాన్ని పాత ముఖద్వారం ముందు అతికించకుండా, కొత్త భాగం నేలనే నెమ్మదిగా ఎత్తుతూ తెచ్చి, ఆ సందు దగ్గర రెండు మట్టాలూ కలిసేలా చేస్తే, అందరూ ఒకే దారిన లోపలికి వస్తారు. వెనుక తలుపు నుంచి ఎవరినీ రమ్మనకూడదు. చక్రాల కుర్చీ తిరగడానికి ఒకటిన్నర మీటర్ల వృత్తం ఖాళీగా ఉండాలి. పాత కట్టడంలో ఒకటే మెట్లదారి ఉంటే, కొత్త భాగంలోని మెట్లు అగ్నిప్రమాదంలో దానికి రెండో దారి కాగలవు.

కట్టే రోజుల్లో

పనివారి ఒప్పందంలో రెండు విషయాలు రాసి తీరాలి. ఒకటి, తవ్వేటప్పుడు పాత అవశేషాలు బయటపడితే పని ఎన్ని రోజులు ఆగుతుంది, ఆ ఖర్చు ఎవరిది అన్నది. రెండోది, ప్రకంపనల హద్దు. జర్మన్ ప్రమాణం సున్నితమైన చారిత్రక కట్టడాల పునాది దగ్గర, తక్కువ పౌనఃపున్యాల వద్ద, సెకనుకు 3 మిల్లీమీటర్ల ప్రకంపన వేగాన్ని హద్దుగా పెట్టింది. గోడకు కొలిచే పరికరం తగిలించి, ఆ హద్దు దాటగానే యంత్రాన్ని ఆపే అధికారం సైటులో ఒకరికి ఇవ్వాలి. సమ్మెట యంత్రాలతో దిగగొట్టే స్తంభాలకు బదులు, తిప్పుతూ దించే స్తంభాలు వాడాలి.

సున్నం పని తొందరపెడితే చెడుతుంది. అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటూ వారాల తరబడి గట్టిపడుతుంది. ఎండ నుంచి తడి గోనెలతో, గడ్డకట్టే చలి నుంచి మందపాటి కప్పులతో దాన్ని కాపాడాలి. అసలు గోడ ముట్టక ముందే తాపీ మేస్త్రీల చేత ఒక మీటరు చదరపు నమూనా కట్టించి, అది ఆరిన తరువాత రంగు, ఇసుక గరుకు, అతుకు వెడల్పు చూసి ఒప్పుకోవాలి. సందు దగ్గరి రేకులు, జాలీ కూడా పూర్తి పరిమాణంలో ఒక మూల చేసి, బకెట్లతో నీరు పోసి పరీక్షించాలి. నీరు ఎటు పోతుందో అక్కడ నిలబడి చూసినంత నిశ్చయంగా ఏ బొమ్మా చెప్పదు.

తలుపులు తెరిచిన తరువాత

భవనాన్ని సంఘానికి అప్పగించే రోజున తాళాలతో పాటు నిర్వహణ పుస్తకం కూడా ఇవ్వాలి. నీటి కాలువలు వానలకు ముందు ఒకసారి, ఆకులు రాలే కాలం ముగిశాక ఒకసారి ఊడ్చాలి. పగుళ్ల కొలబద్దలను కట్టుబడి అయిన తరువాత కూడా కనీసం రెండేళ్లు చదువుతూ ఉండాలి. హాలు అద్దెలో ఒక నిర్ణీత వాటా పాత గోడల సున్నం పనికే వెళ్లాలని నియమావళిలో ముందే రాసుకోవాలి. వేళల పట్టికను ఏడాదికొకసారి మళ్లీ నింపి, ఖాళీగా మిగిలిన గంటలను కొత్త పనులకు ఇవ్వాలి. సందు పైనున్న నీటి కాలువ దగ్గరికి వెళ్లే చిన్న తలుపు ఎక్కడుందో ప్లాను మీద ఎర్రగా గుర్తు పెట్టి, దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో, వారు లేనప్పుడు ఎవరి దగ్గర ఉంటుందో ఆ పుస్తకం మొదటి పేజీలోనే రాయాలి.